థాయ్ సీఫుడ్ సలాడ్ క్లాసుకి వెళ్ళొచ్చా: రోలుకి ఫుల్ మార్కులు, గ్రిల్‌కి పాస్ మార్కులు కూడా కష్టమే

మే నెలలో మిట్ట మధ్యాహ్నం చెన్నైలో బుద్ధున్నవాళ్ళెవరైనా బొగ్గుల పొయ్యి ముందు నిలబడతారా? నేను నిలబడ్డా, అదీ 2,800 రూపాయలు కట్టి మరీ. ఇన్‌స్టాలో ఏదో చూస్తుంటే స్పైసీ థాయ్ గ్రిల్డ్ సీఫుడ్ సలాడ్ ఒక్క పూటలో నేర్పిస్తాం అని వచ్చింది, ఫోటోలో స్క్విడ్ (గొట్టంలా ఉండే సముద్రపు జీవి లెండి) మీద నల్ల చారలు, పైన పుదీనా, ఎర్రగా పచ్చగా మిరపకాయ ముక్కలు, నోట్లో నీళ్ళూరిపోయి వెంటనే బుక్ చేసేశా. అడయార్ వైపు ఒక ఇంటి మేడ మీద క్లాసు, మూడున్నర గంటలు, బ్యాచ్‌కి ఎనిమిది మంది. పేరు రాయట్లేదు, ఎందుకంటే నేర్పే ఆవిడ మీద నాకేం కోపం లేదు, నచ్చనివి అప్పుడే ఆవిడ మొహం మీదే చెప్పేశా, ఇది ఇలాంటి క్లాసులకి వెళ్దామా వద్దా అనుకునేవాళ్ళ కోసం రాస్తున్నా అంతే.

ముందే చెప్పేస్తున్నా, మాది నెల్లూరు పక్కన, మా నాయన ఇరవై ఏళ్ళు రొయ్యల గుంటలు చేశాడు, కాబట్టి రొయ్య విషయంలో నన్ను మోసం చెయ్యడం కొంచెం కష్టం. దీని సంగతి కిందకి వస్తే తెలుస్తుంది.

ఈ సలాడ్‌ని అక్కడ యమ్ తలే అంటారంట. యమ్ అంటే కలపడం, తలే అంటే సముద్రం. సలాడ్ అనగానే మనకి కీరా ముక్కలు, క్యాబేజీ, మయోనైజ్ గుర్తొస్తాయి గానీ దీనికీ దానికీ సంబంధమే లేదు, ఉడికించిందో కాల్చిందో రొయ్యలు స్క్విడ్ తీసుకుని పులుపు ఉప్పు తీపి కారం నాలుగూ గూబ గుయ్యిమనేలా ఉండే రసంలో వేసి కలపడమే. చెన్నైలో ఉండేవాళ్ళకి ఇంకో రకంగా చెప్పొచ్చు, బీచ్ స్టేషన్ దగ్గర బర్మా బజార్ వైపు బండ్ల మీద అత్తో అని బర్మా నూడుల్స్ తింటారు కదా, ఆ మాట కూడా బర్మా వాళ్ళ అథోక్ నుంచి వచ్చిందే, దానికీ కలిపింది అనే అర్థం. చేత్తో పిసికి కలిపి నిమ్మరసమో చింతపండో పిండి ఇచ్చేస్తారు. ఆ వైపు దేశాల్లో ఈ కలిపి తినే పద్ధతి అంతటా ఉన్నట్టుంది.

క్లాసులో మొదటి గంటంతా రోలే. ఈ ఒక్క గంటకే డబ్బులు గిట్టుబాటు అయ్యాయి అని నా ఫీలింగ్. ఆవిడ దగ్గర నల్లరాతి రోళ్ళు నాలుగున్నాయి, ఇద్దరికొకటి. థాయ్ వాళ్ళకి రెండు రకాల రోళ్ళుంటాయంట, ముద్దలు నూరడానికి గ్రానైట్‌ది, బొప్పాయి కాయ సలాడ్‌కి మట్టిది, దానికి చెక్క రోకలి, ఎందుకంటే అందులో ముక్కని నలపాలి గానీ మెత్తగా చెయ్యకూడదు. ఇది వినగానే నాకు దోసకాయ పచ్చడి గుర్తొచ్చింది, ముక్కలు వేసి పైపైన రెండు దెబ్బలు వేస్తే చాలు అని అమ్మ అరుస్తుంటుంది కదా, అదే లెక్క.

అప్పుడు ఆవిడ కొత్తిమీర కట్ట తీసి ఆకులు పక్కన పడేసి వేళ్ళు మాత్రం ఉంచుకుంది. నేను ముప్పై నాలుగేళ్ళ నుంచి తుంచి చెత్తబుట్టలో వేస్తున్నది అక్కడ మెయిన్ సరుకు! మన మార్కెట్లో కొత్తిమీర వేళ్ళతోనే వస్తుంది, మట్టితో సహా, కాబట్టి ఈ విషయంలో మనం అదృష్టవంతులం, బయట దేశాల్లో కోసేసి ప్యాకెట్లో పెట్టిచ్చే చోట వేళ్ళు దొరక్క తిప్పలు పడతారంట. వేళ్ళని నీళ్ళలో నానబెట్టి, చాకు వెనక వైపుతో గీరి, తలల దగ్గర ఇరుక్కున్న ఇసుక కడిగి, సన్నగా తరిగి, వెల్లుల్లి రెబ్బలు మిరపకాయలు చిటికెడు ఉప్పుతో రోట్లో వేసి దంచితే ఆ వాసన చూడాలి అసలు, ఆకు వాసన కాదు, కొంచెం మట్టి వాసన, కొంచెం ధనియాల వాసన, ముక్కులో నుంచి డైరెక్టుగా మెదడుకి పోతుంది. ఉప్పు ఎందుకు వేసిందంటే జారిపోకుండా పట్టు కోసం, మన రోటి పచ్చడికి రాళ్ళ ఉప్పు వేసి నూరినట్టే.

మిరపకాయల దగ్గర ఒక కామెడీ. మీదేవూరు అని అడిగింది, నెల్లూరు అన్నా, అయితే ఆంధ్రా కదా మీకు ఎక్కువ పడాలి అని నా రోట్లో తొమ్మిది వేసింది. చిటికెన వేలి గోరంత ఉంటాయి, థాయ్‌లో ప్రిక్ ఖీ నూ అంటారు, ఎలుక పెంట మిరపకాయ అని అర్థం, సైజు చూసి పెట్టిన పేరు. నేనేమో గుంటూరు కారం తినే పిల్లని నాకేంటి అన్నట్టు మొహం పెట్టా. తర్వాత ఇంటికొచ్చి వెతికితే తెలిసింది, కారం కొలిచే స్కోవిల్ లెక్కలో గుంటూరు సన్నాలు 35,000 నుంచి 40,000 దాకా ఉంటే ఈ బుజ్జివి 50,000 నుంచి లక్ష దాకా పోతాయంట. అందులో మనది ఎండబెట్టి, నూనెలో వేయించి, అన్నంలో నెయ్యి వేసుకుని తినే కారం, ఇది పచ్చిది, పచ్చిగానే, నూనె చుక్క లేకుండా నిమ్మరసంలో వస్తుంది, మంట ఆగదు. పైగా అదే చేత్తో కంటి కింద చెమట తుడుచుకున్నా. పది నిమిషాలు వాష్‌బేసిన్ దగ్గరే క్లాసు విన్నా.

తర్వాత ఫిష్ సాస్. దీని గురించి మనవాళ్ళకి ఒక భయం ఉంటుంది, సీసా మూత తీయగానే అపార్ట్‌మెంట్ మొత్తం ఖాళీ అయిపోతుందని. నిజానికి అది మన నెత్తళ్ళే, ఉప్పు వేసి పీపాల్లో ఏడాది పైనే పులియబెడితే దిగే రసం. ఎండుచేపల కూర తినే ఇంట్లో పుట్టినవాళ్ళకి ఇది కొత్త వాసనేం కాదు. విడిగా వాసన చూస్తే గొడవే, కానీ నిమ్మరసం పడగానే ఆ కంపు ఎక్కడికి పోతుందో పోతుంది, కింద ఒక రకమైన లోతైన ఉప్పదనం మాత్రం మిగులుతుంది. ఆవిడ చెప్పిన మంచి మాట ఒకటి, సీసా వెనక చదవండి, చేప ఉప్పు పంచదార మించి ఇంకేమీ ఉండకూడదు, చాంతాడంత లిస్టు ఉంటే పెట్టేయండి అని.

లెక్క ఏంటంటే మూడు స్పూన్లు నిమ్మరసం, రెండు ఫిష్ సాస్, ఒకటి తీపి. ముందు తీపిని రోట్లో ముద్దతో కలిపి కరగనివ్వాలి, తర్వాత ఫిష్ సాస్, చివర్లో నిమ్మరసం. నిమ్మరసాన్ని పొయ్యి దగ్గరకి కూడా రానివ్వకూడదు. నిమ్మకాయ మాత్రం మన చిన్న కాయే, పెద్ద పసుపు లెమన్ కాదు, ఈ విషయంలో గూడూరు వైపు వాళ్ళకి ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు, ఎండాకాలం రేటు చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. తీపికి థాయ్‌లో లేత రంగు తాటి, కొబ్బరి చక్కెర వాడతారు, మెత్తగా ఉంటుంది. ఈవిడ ఇక్కడి కరుప్పట్టి, అంటే నల్ల తాటిబెల్లం, వాడింది, అది నాకు నచ్చలా, రసం మొత్తం నల్లగా అయిపోయి పొగ వాసనొచ్చింది, ప్రసవం అయిన వాళ్ళకిచ్చే కాయం గుర్తొచ్చింది. మామూలు పంచదారో, లేత బెల్లమో వేసుకుంటే చాలు.

ఇంకో ముఖ్యమైన ముక్క, నేను అస్సలు ఊహించనిది. రసం స్పూన్‌తో నాలిక మీద వేసుకుంటే అబ్బా ఇదేం తింటాం అనిపించాలంట, అంత ఘాటుగా, అంత పుల్లగా. విడిగా బాగుంది అంటే సలాడ్‌లో చప్పబడుతుంది అని అర్థం, ఎందుకంటే రొయ్య, స్క్విడ్ తియ్యగా ఉంటాయి, పైగా నీళ్ళొదులుతాయి. ఆవకాయ కలిపిన రోజు నోట్లో వేసుకుంటే ఉప్పగా ఉండాలి అంటారు చూడండి, ముక్క పీల్చుకున్నాక సరిపోతుందని, అదే సూత్రం. ఇదంతా చూశాక నాకు అర్థమయిందేంటంటే ఇది తాలింపు లేని రోటి పచ్చడి. అంతే. అందుకే మనకి ఇంత త్వరగా వచ్చేస్తుంది, పక్కన ఉత్తరాది అబ్బాయి రోకలి పట్టుకోవడం దగ్గరే తంటాలు పడుతున్నాడు పాపం.

ఇక్కడిదాకా ఐదుకి ఐదు. ఇప్పుడు అసలు కథ.

సీఫుడ్ ట్రే బయటకి తెస్తూ ఆవిడ అందరికీ చెప్పింది, పొద్దున్నే కాసిమేడు చేపల హార్బర్‌లో దిగింది, రాత్రి సముద్రంలో పట్టింది అని. నేను క్యాలెండర్ చూసుకున్నా. మే రెండో వారం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలు వేటకి పోకూడదు, చేపలు గుడ్లు పెట్టే టైమని ప్రతి ఏడాదీ ఆపేస్తారు, ఆంధ్రాలోనూ అవే తేదీలు. చిన్న ఫైబర్ బోట్లు పోతాయి, ఒప్పుకుంటా, కొంచెం సరుకొస్తుంది. కానీ ట్రేలో ఉన్న రొయ్య ఏంటి? వనామీ, గుంటల్లో పెంచే రకం. అన్నీ ఒకే సైజు, అచ్చులో పోసినట్టు, లేత తెలుపు, ఒళ్ళంతా అద్దంలా. సముద్రంలో పట్టిన రొయ్యలు ఒక బుట్టలో నాలుగు రకాలు, నాలుగు సైజులు ఉంటాయి. 2009లో వనామీకి పర్మిషన్ వచ్చాక మా వైపు గుంటలన్నీ అదే, అంతకుముందు టైగర్. అది నెల్లూరు నుంచో భీమవరం నుంచో ఐసులో వచ్చిన రొయ్య, ఒక రకంగా మా ఊరిదే, దానికి నేను పాస్‌పోర్ట్ కూడా చూపించగలను!

వనామీ అయితే తప్పేం లేదు. నేను అదే తిని పెరిగా. గుంట రొయ్య అని చెప్పి పెట్టినా నేను 2,800 కట్టేదాన్ని. సముద్రం కథ ఎందుకు? స్క్విడ్ అయితే ఇంకా అన్యాయం. తాజా స్క్విడ్ తోలు మీద గోధుమ రంగు చుక్కలుండి కండ అద్దంలా కనిపించాలి, పాతబడే కొద్దీ పాలలా తెల్లబడి తర్వాత గులాబీ రంగుకి తిరుగుతుంది. ట్రేలో ఉన్నది గులాబీకి దగ్గర్లో ఉంది, కింద గిన్నెడు నీళ్ళు కారి ఉన్నాయి, ఫ్రీజర్లోంచి తీసి కరగబెట్టిందని చూడగానే తెలుస్తోంది. మెల్లగా పక్కకి పిలిచి అడిగా, అక్కా ఇది బ్యాన్ టైం కదా అని. ఒక్క క్షణం ఆగి, సప్లయర్ అలాగే చెప్పాడమ్మా అంది. సరే. వాదించలా.

కానీ ఆ నీళ్ళే మా కొంప ముంచాయి. ఎనిమిది మందికి గ్రిల్ ఒక్కటే, సగం బొగ్గు ఇంకా నల్లగానే ఉంది, బూడిద పట్టలా, విసరడానికి అట్టముక్క ఒకటి. టైం అయిపోతోంది అని అందరివీ ఒకేసారి పడేయించింది. తడి స్క్విడ్, చల్లటి గ్రిల్, ఇంక చూడండి, కాలడం లేదు, ఉడుకుతోంది, చుట్టూ తెల్ల నురగ. స్క్విడ్ సంగతి ఏంటంటే, బాగా వేడి మీద రెండు నిమిషాల్లోపు దించెయ్యాలి, లేదంటే ముప్పావు గంట పైన ఉడకనివ్వాలి, మధ్యలో ఎక్కడ ఆపినా రబ్బరే. మావి ఏడెనిమిది నిమిషాలు ఉన్నాయి. నాకొచ్చిన ముక్క నమిలితే హవాయి చెప్పు స్ట్రాప్ గుర్తొచ్చింది. రొయ్యలు కూడా ముందే పూర్తిగా వొలిచేసి తెచ్చింది, తొక్క ఉంటే కండకి మంట నేరుగా తగలదు, వాసన కూడా తొక్కలోనే ఉంటుంది. వొలిచిన రొయ్యని అంతసేపు పెడితే గుండ్రంగా సున్నాలా చుట్టుకుపోయింది. సి అక్షరంలా వంగినప్పుడు తీసెయ్యాలి, సున్నా అయితే అయిపోయినట్టే, ఇది ఆవిడే చెప్పింది మళ్ళీ, చెప్పడం వరకు అన్నీ కరెక్టే.

కలపడం మాత్రం శ్రద్ధగా చూపించింది. వేడి వేడిగా రసంలో వెయ్యకూడదు, రెండు నిమిషాలు ఆగి గోరువెచ్చగా అయ్యాక వెయ్యాలి, అప్పుడు పీల్చుకుంటుంది, ఆకులు వాడిపోవు. చిన్న ఉల్లిపాయలు సన్నగా చీల్చి, పుదీనా చేత్తో తుంచి, నిమ్మగడ్డి కింది తెల్ల భాగం మాత్రమే, పై పొరలు రెండు మూడు తీసేసి కాగితంలా పల్చగా తరగాలి. అలా తరగని వాళ్ళకి పళ్ళలో పీచు ఇరుక్కుంటుంది, మా బ్యాచ్‌లో ఒకాయన చివరిదాకా నాలికతో కుస్తీ పట్టాడు. పైన వేయించిన బియ్యం పొడి చల్లింది, ఇది నిజానికి ఈశాన్య థాయ్‌లాండ్ వాళ్ళది, ఈసాన్ అంటారు, అక్కడ మాంసంతో చేసే లాప్‌లో వేస్తారు. సముద్రం సలాడ్‌కి కచ్చితంగా ఉండాలని లేదు గానీ నాకైతే పేలాల వాసనతో కరకరలాడుతూ భలే నచ్చింది.

టేబుల్, ఫ్యాన్, మంచినీళ్ళు, బాత్రూం అన్నీ నీట్‌గా ఉన్నాయి. పక్కన అన్నం, నిమ్మగడ్డి షర్బత్ ఇచ్చారు, షర్బత్ చాలా బాగుంది. పార్కింగ్ లేదు, ఆటోలో వెళ్ళండి. వెజ్ వాళ్ళకి పుట్టగొడుగులతో చేయిస్తామన్నారు, కానీ ఫిష్ సాస్ బదులు ఏం వేస్తారో అడిగితే సోయా సాస్ అంది, ఆ మాత్రం దానికి అంత డబ్బు పెట్టకండి. మొత్తం మీద ఐదుకి మూడు ఇస్తున్నా, ఆ మూడూ రోటివే.

కోపం తగ్గక, జూన్‌లో బ్యాన్ ఎత్తేశాక రెండో ఆదివారం పొద్దున్నే ఆరింటికి మా ఆయన్ని లేపి చింతాద్రిపేట మార్కెట్‌కి పోయాం. అర కిలో స్క్విడ్, ఇక్కడ కనవా అంటారు, అర కిలో తొక్కతో రొయ్యలు. క్లీన్ చేసే ఆవిడ స్క్విడ్ లోపల్నించి ప్లాస్టిక్ ముక్కలాంటి ఎముక ఒక్క లాగుతో తీసేసింది, చూస్తుంటే ముచ్చటేసింది. ఇంటికొచ్చి గొట్టాన్ని చీల్చి పరిచి, లోపలి వైపు అడ్డంగా నిలువుగా పైపైన గాట్లు పెట్టి, పాత కాటన్ గుడ్డతో అద్ది అద్ది తడి లేకుండా చేశా. నూనె పెనానికి కాదు, స్క్విడ్‌కే కొంచెం రాశా. ఇనప పెనం పొగలొచ్చేదాకా కాల్చి రెండేసి ముక్కలే వేశా, చుయ్యిమంది, గాట్లు విచ్చుకుని పైన్‌యాపిల్ తొక్కలా ముడుచుకుంది, అట్లకాడతో అదిమి పట్టి ఒక వైపు నిమిషం, రెండో వైపు అర నిమిషం. అంతే. చాకుతో కోస్తే వెన్న అనను గానీ, కొరికితే తెగుతోంది, క్లాసులో జరగనిది అదే.

రసం ఫస్ట్ టైం మిక్సీలో వేసి చెడగొట్టా, వెల్లుల్లి చేదెక్కి నురగొచ్చింది. రెండోసారి అల్లం దంచుకునే చిన్న ఇనప రోట్లో కొంచెం కొంచెంగా దంచా, చెయ్యి పడిపోయింది. ఎలుక పెంట మిరపకాయలు దొరక్క కేరళ షాపులో కాంతారి తెచ్చా, నాలుగే వేశా, బుద్ధొచ్చింది కదా.

ఆ వారం అమ్మ ఊర్నించి వచ్చి ఉంది. ఫిష్ సాస్ మూత తీయగానే హాల్లోంచి "ఏందే, ఎండుచేపల సంచి విప్పినావా?" అంది. ప్లేట్లో పెట్టిస్తే ముందు స్క్విడ్ పక్కకి నెట్టేసి రొయ్య తినింది, తర్వాత రసం వేలితో నాకింది, తర్వాత ఏం మాట్లాడకుండా స్క్విడ్ కూడా తినింది. "కొంచెం తాలింపు పెట్టుంటే ఇంకా బాగుండు" అంది చివర్లో. మిగిలిన రసం గిన్నెలో మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టా, మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూస్తే గిన్నె కడిగి బోర్లించి ఉంది. పెరుగన్నంలో నంజుకుందంట. ఊళ్ళో పెరట్లో వాడకుండా పడున్న చిన్న రాతి రోలు ఈసారి వచ్చేటప్పుడు తెమ్మంటే, బస్సులో అంత బరువు ఎవరు మోస్తారే అని తిట్టింది, కానీ నిన్న ఫోన్ చేసి కొత్తిమీర వేళ్ళు ఎన్ని వెయ్యాలి అని అడిగింది.